పిండాలకు తలసీమియా పరీక్ష: ల్యాబ్‌కు మంచి మార్కులు, క్లినిక్‌కు కాదు

బీటా తలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగా తయారవని, పుట్టుకతో వచ్చే జబ్బు. నేనూ మావారూ ఇద్దరం దాని క్యారియర్లం, అంటే జన్యువు రెండు కాపీల్లో ఒకదాంట్లోనే లోపం ఉంది, మాకు జబ్బు లేదు. పెద్దాడికి నెలనెలా రక్తం ఎక్కించాల్సి వచ్చాకే ఆ సంగతి తెలిసింది. మళ్లీ కడుపొస్తే ప్రతిసారీ నాలుగింట ఒక వంతు అదే ప్రమాదం. కడుపొచ్చాక పరీక్ష చేయించి, తేడా ఉంటే తీయించుకోవడం నావల్ల కాదు. అందుకే ఐవీఎఫ్‌తో పాటు, గర్భంలో పెట్టకముందే పిండాల్లో ఆ జబ్బు ఉందేమో చూసే పిజిటీ-ఎం పరీక్ష చేయించుకున్నాం.

నాకు బాగా నచ్చింది ఐవీఎఫ్ మొదలవకముందు ల్యాబ్ చేసిన పని. మా ముగ్గురి రక్తం తీసుకుని హిమోగ్లోబిన్ తయారీకి కావాల్సిన హెచ్‌బీబీ జన్యువులో ఎవరి లోపం ఏదో, దాని చుట్టుపక్కల ఏ డీఎన్ఏ గుర్తులు ఉన్నాయో చూసుకున్నారు. ఎందుకింత తతంగం అంటే కౌన్సెలర్ ఓపిగ్గా కాగితం మీద గీసి చూపించింది. పిండం నుంచి తీసేది ఐదు నుంచి పది కణాలే. అంత కొంచెం డీఎన్ఏని పెంచేటప్పుడు ఒక్కోసారి రెండు కాపీల్లో ఒకటి కనపడకుండా పోతుంది. కనపడనిది లోపమున్న కాపీ అయితే జబ్బు పిండం కూడా మంచిదిగా చెలామణీ అయిపోతుంది. చుట్టుపక్కల గుర్తులూ చూస్తే ఆ పొరపాటు పట్టుబడుతుంది. ఒక్క శుక్రకణాన్నే సూదితో అండంలోకి పంపే ఇక్సీ వాడేది కూడా ఇందుకేనట, వేరే శుక్రకణాల డీఎన్ఏ కలవకుండా.

ఐదారు రోజుల పిండాల్లో మాయగా మారే పైపొర నుంచి కణాలు తీసి, పిండాలను ద్రవ నైట్రోజన్‌లో దాచారు. రిపోర్టులో ఏడింటికి రెండు జబ్బువి, మూడు క్యారియర్లు, ఒకటి ఏ లోపమూ లేనిది, ఇంకోదానికి ఫలితం రాలేదు. లోపం లేనిది ఎదుగుదలలో వెనకబడిందని ఎంబ్రియాలజిస్ట్ చెప్పడంతో క్యారియర్ పిండాన్నే పెట్టించుకున్నాం. "మనిద్దరం ఏమైనా మంచాన పడ్డామా?" అన్నారు మావారు. నిజమే కదా.

క్లినిక్ మాత్రం విసిగించింది. ముందు గదిలో బోర్డు మీద "నూటికి నూరు శాతం గ్యారంటీ", లోపల సంతకం పెట్టే ఫారంలో మాత్రం గర్భం వచ్చాక మళ్లీ నిర్ధారించుకోవాలని! ఫారంలో ఉన్నదే నిజం. పదకొండు వారాలు దాటాక మాయ ముక్క పరీక్ష చేయిస్తానంటే ముఖం చిట్లించారు, అయినా చేయించుకున్నాను. క్రోమోజోముల లెక్క చూసే పిజిటీ-ఎ కూడా అడక్కుండానే బిల్లులో కలిపేశారు. నా వయసుకి దానివల్ల లాభమేంటంటే సూటిగా జవాబు లేదు, గట్టిగా అడిగితే తీసేశారు. ఇంకో సంగతి, ఈ పరీక్ష మనం చెప్పిన జబ్బునే వెతుకుతుంది. "ఇక బిడ్డకి ఏ జబ్బూ రాదుగా" అనేవాళ్లకి అది చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

డబ్బు కట్టేముందు రెండు అడగండి. ఐదో రోజుదాకా ఒక్క పిండమూ నిలవకపోతే ల్యాబ్ ఫీజులో ఎంత వెనక్కిస్తారు? ఫలితం రానిదానికి మళ్లీ కణాలు తీస్తే అదనంగా కట్టాలా? రెండోదానికి మాకు ఫోన్లో ఒక మాట, కౌంటర్ దగ్గర ఒక మాట చెప్పారు. కాగితం మీద రాయించుకోండి.