మనసు జబ్బుకు ఆరోగ్యశ్రీ కార్డా, ఎంజీఎం ఓపీ చిట్టీయా, ఈఎస్‌ఐయా: ఏది మేలు?

ఇంట్లో ఒకరికి వారం పది రోజులుగా నిద్ర లేదు, తిండి సరిగా లేదు, గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గొణుగుతున్నారు. హన్మకొండలో ప్రైవేటు డాక్టరుకు రెండు మూడుసార్లు చూపించేసరికి చేతిలో ఉన్నది కాస్తా అయిపోతుంది. అప్పుడు ఇంటివాళ్ల నోట వచ్చే మొదటి మాట: "ఇది ఆరోగ్యశ్రీల అయితదా?"

అయితే గియితే మంచం ఖర్చు, అంటే దవాఖానలో అడ్మిట్ అయితే అయ్యే ఖర్చు, అవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. డిప్రెషన్, బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటివాటిలో ఎక్కువమందికి మంచం అవసరమే పడదు, పడినా కొన్నాళ్లే. ఆ తర్వాత నెలనెలా చూపించుకోవడం, రక్తపరీక్షలు, ఏళ్లకేళ్లు గోలీలు. డబ్బు కారిపోయేది ఈ నెలవారీ ఖర్చులోనే. అందుకే ఏ దారి మేలో తేల్చేటప్పుడు కార్డు మీద ఎన్ని లక్షలు రాసి ఉన్నాయన్నది పక్కన పెట్టి, వచ్చే నెల గోలీ ఎవరిస్తారని అడగాలి.

ముందు కార్డు సంగతి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9న కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. ఆయుష్మాన్ భారత్‌లో అది 5 లక్షలు. రాష్ట్రం అందులో చేరింది 2021లో. రెండూ ప్యాకేజీల మీద నడుస్తాయి: పేషెంటు అడ్మిట్ కావాలి, హాస్పిటల్ ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి అడగాలి, అది వచ్చాక చికిత్స. ఉత్త ఓపీకి డబ్బు రాదు. డిశ్చార్జి తర్వాత మందులు ఆరోగ్యశ్రీలో 10 రోజులకు, ఆయుష్మాన్‌లో 15 రోజులకు. మోకాలి ఆపరేషన్‌కు ఈ లెక్క సరిపోతుంది. బైపోలార్ ఉన్న మనిషికి పదిహేను రోజులు గడిచాక పదహారో రోజు కూడా అదే గోలీ కావాలి. ఇంటికి వచ్చిన నెలా రెండు నెలల్లోనే మళ్లీ జబ్బు తిరగబెట్టిందంటే చాలాసార్లు కారణం మందు ఆగడమే.

ఆయుష్మాన్ జాబితాలో మానసిక జబ్బులకు వేరే విభాగమే ఉంది, కానీ మత్తు మాన్పించే రీహాబ్ కార్యక్రమాలను పథకం నుంచి స్పష్టంగా మినహాయించారు. కాబట్టి "డీ-అడిక్షన్ సెంటర్‌లో మూడు నెలలు పెడతాం, కార్డు మీద అయిపోతుంది" అని ఎవరైనా అంటే నమ్మి సంతకం పెట్టకండి. నెట్‌వర్క్ హాస్పిటల్‌కు వెళ్లినప్పుడు ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగాల్సినవి: ఈ హాస్పిటల్‌కు సైకియాట్రీ విభాగంలో అనుమతి ఉందా, లేక మిగతా విభాగాలకేనా? మా పేషెంటు జబ్బుకు ప్యాకేజీ ఏది? అనుమతి రాకముందే ఏమైనా కట్టాలా? మొదటిదానికి సూటిగా జవాబు రాకపోతే అడ్మిట్ కాకుండా 104కు ఫోన్ చేసి కనుక్కోవడం నయం. గుండెకు, కిడ్నీకి పేరున్న హాస్పిటల్ కాబట్టి అన్నిటికీ కార్డు నడుస్తుందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

మంచం నిజంగా కావాల్సిన సందర్భాలు వేరు. చచ్చిపోతానని అంటున్నా, దానికి ప్రయత్నం చేసినా, తిండి నీళ్లు పూర్తిగా మానేసినా, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉరుకులాడుతున్నా ఆగొద్దు. తాగుడు మానేశాక ఫిట్స్ వచ్చినా అంతే. ఉత్తర తెలంగాణలో కల్లు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. 2015 సెప్టెంబరులో దాని మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగితే, నిజామాబాద్ వైపు వందల మంది పిచ్చిచూపులతో, ఫిట్స్‌తో దవాఖానలకు చేరారు. రోజూ తాగే మనిషి మానేస్తే ఫిట్స్ మామూలుగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి; వణుకు, చెమటలు, లేనివి కనబడటం మూడో రోజుకు ముదురుతాయి. "మానేసిండు, మంచిగైతడు" అని ఇంట్లో కూర్చోబెట్టే వ్యవహారం కాదు. 108కు ఫోన్ చేసి పెద్ద దవాఖానకే పోవాలి. అక్కడ కార్డు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆత్మహత్యాయత్నం కేసైతే పోలీసు భయంతో ప్రైవేటుకు తీసుకెళ్లి దాచడం కూడా వద్దు: 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్ష నుంచి కాపాడుతుంది.

ఇక వరంగల్‌లోని ప్రభుత్వ పెద్ద దవాఖాన ఎంజీఎం. కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధం కాబట్టి సైకియాట్రీ ఓపీ, వార్డు, రక్తపరీక్షలు, మందుల కౌంటరు ఒకే ఆవరణలో దొరుకుతాయి. ఇక్కడ బీమా ఊసే లేదు, చికిత్స ఉచితం. పేదవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక చికిత్స పైసా లేకుండా ఇవ్వాలని పై చట్టంలోని 18వ సెక్షన్ చెబుతుంది, అదీ తెల్లకార్డు చేతిలో ఉన్నా లేకపోయినా. అత్యావశ్యక మందుల జాబితాలోవి సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) స్థాయి నుంచే ఉచితంగా దొరకాలని కూడా అందులోనే ఉంది. "ఆధార్‌లో ఊరు తప్పు పడింది, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదు" అని ఆగిపోయే కుటుంబాలకు ఇదే పెద్ద తేడా. కార్డు దారిలో కాగితం తప్పు ఉంటే తలుపు మూసుకుంటుంది. ఓపీ దారిలో చిట్టీ రాయించుకుంటే చాలు.

లోపాలు లేవని కాదు. దేశంలో లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లెక్కకు రాడు, ఆ బరువంతా ఓపీ గది ముందున్న లైనులో కనబడుతుంది. పొద్దున్నే పోయినా మధ్యాహ్నం దాటొచ్చు. డాక్టరు దగ్గర దొరికేది కొన్ని నిమిషాలు, పోయిన నెల చూసినవారే ఈ నెల ఉంటారన్న ఖాయం లేదు. గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలింగ్ ఆశిస్తే నిరాశే. మందుల కౌంటరులో ఒక్కోసారి సగమే ఉంటాయి.

వీటికి చేయగలిగింది కొంత ఉంది. ఒకే కాగితం మీద జబ్బు ఎప్పుడు మొదలైంది, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, డోసు, ఏది పడలేదు, చివరిసారి మందు ఎప్పుడు ఆగింది అని రాసి ఫైలు పైన పెట్టండి; కొత్త డాక్టరుకు ఆ నిమిషాలు చాలతాయి. మందులు అయిపోయిన రోజున కాకుండా వారం ముందే పోవాలి. స్టాకు లేదంటే కౌంటరు దగ్గర నుంచే వెనక్కి రావద్దు: 10 మిల్లీగ్రాముల ఓలాంజపిన్ లేకపోయినా 5 మిల్లీగ్రాములది ఉండొచ్చు, డాక్టరు చిట్టీ మీద రెండేసి అని మార్చి రాస్తే సరిపోతుంది. ఈసారి గోలీ రంగు మారిందని ఇంటికొచ్చి పక్కన పెట్టేయడం కూడా చాలా జరుగుతుంది. రంగు కంపెనీని బట్టి మారుతుంది, అట్ట మీద మందు పేరు, మిల్లీగ్రాములు కలిస్తే అదే మందు.

బైపోలార్‌కు లిథియం వాడేవారి సంగతి ఇంకొంచెం వివరంగా. రక్తంలో దాని మోతాదు చూసే పరీక్ష రాత్రి గోలీ వేసుకున్న 12 గంటలకు చేయాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రక్తం ఇవ్వాలి, ఇచ్చాకే పొద్దుటి గోలీ. ముందే మింగి వస్తే లెక్క ఎక్కువ చూపించి, ఉన్న డోసు అనవసరంగా తగ్గిస్తారు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా మధ్యమధ్య తప్పవు. ఎండాకాలం అసలు ప్రమాదం: మిరప ఏరడానికి పోయి ఎండలో చెమట కారి, నీళ్లు తక్కువై, సాయంత్రం ఒళ్లునొప్పులకు కిరాణాలో దొరికే ఐబుప్రొఫెన్ లేదా డైక్లోఫెనాక్ వేసుకుంటే ఒంట్లో లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, తూలడం, వాంతులు, మాట ముద్దగా రావడం కనబడితే ఆ పూట గోలీ ఆపి వెంటనే దవాఖానకు. నొప్పికి పారాసిటమాల్ ఫరవాలేదు.

ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు వంద కిలోమీటర్లు. ప్రతి నెలా కూలి పోగొట్టుకుని అంత దూరం రావడమే చాలామంది మందు మానేయడానికి కారణం. మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు బస్సు ఉచితమే, పేషెంటు మగవాడైతే టికెట్ తప్పదు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో, ములుగు, నర్సంపేటల్లో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. జబ్బు పేరు ఎంజీఎంలో తేల్చుకుని, నెలవారీ మందులకు దగ్గరలోని జనరల్ హాస్పిటల్లో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉందో కనుక్కుంటే దారి సగానికి తగ్గుతుంది.

ఎవరికైనా ఈఎస్‌ఐ (జీతంలో కోతతో నడిచే కార్మికుల బీమా) ఉంటే మాత్రం పై రెండింటికంటే అదే మేలని నిర్మొహమాటంగా చెప్పొచ్చు. షోరూములో పనిచేసేవారు, సెక్యూరిటీ గార్డులు, గీసుగొండ టెక్స్‌టైల్ పార్కు కార్మికులు, నెల జీతం 21,000 లోపు ఉన్నవారు ఇందులోకి వస్తారు. జీతంలో కోత 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఓపీ, మందులు, అడ్మిషన్ అన్నీ ఇందులో ఉన్నాయి, చికిత్స ఖర్చుకు పరిమితి లేదు, భార్యాపిల్లలకు, మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. డిస్పెన్సరీలో సైకియాట్రిస్టు లేకపోతే రెఫరల్ రాయించుకోవాలి. పెద్ద కేసులు హైదరాబాద్‌లోని సనత్‌నగర్ ఈఎస్‌ఐ దవాఖానదాకా పోతాయి.

కార్డులు రెండూ ఇవ్వనిది ఈఎస్‌ఐ ఇంకొకటి ఇస్తుంది: జీతం. మామూలు జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజులదాకా 70 శాతం. దీర్ఘరోగాల జాబితాలో సైకోసిస్ (లేనివి కనబడటం, వినబడటం లాంటి తీవ్ర మానసిక జబ్బు) కూడా ఉంది, దానికి 80 శాతం చొప్పున రెండేళ్లదాకా రావొచ్చు. అయితే రెండేళ్ల నిరంతర ఉద్యోగం, ఆ కాలంలో 156 రోజుల చందా ఉండాలి. ఇక్కడే ఇంటివాళ్లు చేతులారా చెడగొట్టుకుంటారు. పిల్లాడి తీరు మారగానే పరువు పోతుందని రాజీనామా రాయిస్తారు. రాజీనామాతో చందా ఆగుతుంది, కొన్ని నెలలకు వైద్యమూ ఆగుతుంది. రాయించాల్సింది మెడికల్ సర్టిఫికెట్. జబ్బు భత్యం తీసుకుంటున్న కాలంలో ఉద్యోగం నుంచి తీసేయకూడదని ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ యజమానిని కట్టడి చేసేది; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది కాబట్టి ఇప్పటి నిబంధన ఈఎస్‌ఐ ఆఫీసులో కనుక్కోండి.

ప్రైవేటు డాక్టరును పూర్తిగా కొట్టిపారేయలేం. మొదటిసారి తీరుబడిగా వినిపించుకోవడానికి, జబ్బు పేరు తేల్చుకోవడానికి ఒకటి రెండు విజిట్లు పెట్టుకోవచ్చు. కాకపోతే చీటీలో బ్రాండు పేరు పక్కన మందు అసలు పేరు రాయమని అడగండి. అది ఉంటే నెలవారీ మందు ఎంజీఎంలోనో జనఔషధి దుకాణంలోనో తీసుకోవచ్చు. డబ్బు కొంత పెట్టగలిగే కుటుంబానికి ఈ కలగూరగంప పద్ధతే బాగా కుదురుతుంది. సొంత మెడిక్లెయిమ్ పాలసీ ఉంటే, మానసిక జబ్బును శరీర జబ్బుతో సమానంగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం 21వ సెక్షన్ బీమా కంపెనీలకు చెబుతుంది. అయినా ఎక్కువ పాలసీలు ఓపీ ఇవ్వవు, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్లదాకా ఆగాల్సి రావొచ్చు.

రాత్రి పూట ఏం చేయాలో తోచనప్పుడు టెలీ మానస్ 14416 ఉంది, ఇరవైనాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. మత్తు విషయానికి 14446. మాట సాయానికి, దగ్గర్లో ఎక్కడికి పోవాలో తెలుసుకోవడానికి ఇవి పనికొస్తాయి. గోలీ మాత్రం ఫోన్‌లో రాదు.

ఏ దారిలో పోయినా ఓపీ చిట్టీలు, డిశ్చార్జి కాగితాలు పారేయొద్దు. జబ్బు దీర్ఘకాలం ఉండి పని చేసుకోలేని స్థితి ఉంటే సదరం శిబిరంలో వికలాంగ సర్టిఫికెట్ అడగొచ్చు. పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. అక్కడ లెక్కగట్టేది తన పని తాను చేసుకోగలడా, నలుగురితో మెలగగలడా, మాట అర్థం చేసుకోగలడా, కూలికి పోగలడా అన్నవాటితో పాటు జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్నది. పాత చిట్టీల మీది తేదీలే ఆ ఏళ్లకు సాక్ష్యం. ప్రతి నెలదీ ఒక జిరాక్స్ తీసి వేరే సంచిలో పెట్టుకోండి, అసలు ఓపీ కాగితం పలుచన, చెమటకు అక్షరాలు చెదిరిపోతాయి.