లేహ్ కొట్టును చలికాలం ఏ తీరానికి మార్చాలి?

సెప్టెంబరు దాటగానే లడఖ్‌లోని లేహ్ మెయిన్ బజారులో గిరాకీ పలచబడుతుంది. అక్టోబరు చివరికి శాలువాలు, వెండి నగలు, టర్కోయిస్ రాళ్లు అమ్మే కొట్లు ఒక్కొక్కటే షట్టర్లు దించేస్తాయి. 3,500 మీటర్ల ఎత్తున నీళ్ల గొట్టాలు గడ్డకట్టే రోజులకి అదే రకం సరుకు గోవా, కర్ణాటకలోని గోకర్ణ, కేరళలోని వర్కల తీరాల్లో వేలాడుతుంటుంది. శీతాకాలంలో మన ఊళ్లకొచ్చే టిబెటన్ల స్వెటర్ల కొట్లు చలి మీద బతుకుతాయి, ఇవి ఎండ మీద.

ముందు సరుకు దిగాలి. మనాలీ దారిలో 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్తంగ్ కనుమ బెడద తప్పింది. కానీ బారాలాచా లా, 5,300 మీటర్లు దాటిన తంగ్‌లాంగ్ లా కనుమలు అలాగే ఉన్నాయి. అక్టోబరు రెండో వారానికల్లా లారీ లేహ్ విడవాలి. ఆలస్యమైతే మంచు పడి బండి ఏ సర్చూ దగ్గరో నిలిచిపోతుంది.

శాలువాలను లేహ్‌లో గాలి పొడిగా ఉన్నప్పుడే నూలు గుడ్డలో చుట్టి, పైన పాలిథీన్ సంచి వేసి మూతి బిగించాలి. దారిలో విప్పి మళ్లీ కడితే కింది ఊళ్ల తేమ లోపల చిక్కుకుపోతుంది, తీరంలో తెరిచేసరికి బూజు వాసన కొడుతుంది. మూట 25 కిలోలు మించకూడదు, ఎందుకంటే చివరి అంచెలో మోసేది మనిషే. ఉప్పుగాలికి వెండి త్వరగా నల్లబడుతుంది కాబట్టి ఒక్కో నగను విడిగా జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి. టర్కోయిస్ రాయి నూనెను పీల్చుకుంటుంది. సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులు పదేపదే తాకితే దాని రంగు తిరుగుతుంది, అందుకని దాన్ని గాజు పెట్టెలోనే ఉంచాలి.

లేహ్ నుంచి గోవాకి రోడ్డు మీద 2,800 కిలోమీటర్ల పైచిలుకు. సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన చెల్లుతుంది కాబట్టి 15 రోజులు చేతిలో ఉంటాయి. ఢిల్లీలో లారీ మారితే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించడం మరవద్దు. గడువు తీరిపోతుంటే, తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు.

ఇక జీఎస్టీ. ఒక్క సీజనుకే అయితే క్యాజువల్ ట్యాక్సబుల్ పర్సన్‌గా, అంటే తాత్కాలిక వ్యాపారిగా, నమోదు సరిపోతుంది. 90 రోజులు ఇస్తారు, మరో 90 పొడిగిస్తారు, అంటే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. వ్యాపారం మొదలుపెట్టడానికి కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు చేయాలి, అంచనా పన్ను ముందే కట్టాలి. చాలామందికి బిగుసుకునేది ఇక్కడే: సరుకు, కొట్టు అడ్వాన్సు, పన్ను మూడూ ఒకే నెలలో పడతాయి. చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీము ఇలా తాత్కాలికంగా నమోదైనవాళ్లకు వర్తించదు.

చోటు ఎంచుకునేటప్పుడు జనం ఎంతమంది అని కాక, వచ్చినవాళ్లు ఎన్నాళ్లుంటారు అని చూడాలి. ఖరీదైన శాలువాను మొదటి చూపులో కొనేవాళ్లు తక్కువ, రెండోసారి తిరిగొచ్చి కొంటారు. ఆ లెక్కన ఉత్తర గోవాలోని ఆరంబోల్‌కే మా ఓటు. నెలల తరబడి ఉండే విదేశీయులు, నెల అద్దె గదులు, బీచికి దిగే సందులో వరసగా కొట్లు ఉన్నాయి. రైలుకి తివిం, విమానానికి మోపా. అంజునాలో బుధవారం సంత పేరు గొప్పదే. కానీ మిగతా ఆరు రోజులు సరుకు గదిలో మగ్గుతుంది, కట్టడం, విప్పడం, ఆటో ఖర్చు కలిపితే లాభం కరిగిపోతుంది. కొట్టు వేరేచోట పెట్టుకుని అదనపు బేరంగా వెళ్లడానికి బాగుంటుంది.

దక్షిణాన పాలోలెం ప్రశాంతం, కాణకోణ స్టేషను దగ్గర్లోనే. ఇసుక ఒడ్డున గుడిసెలను ఏటా వానాకాలం ముందు పీకేస్తారు. వాటి పక్కన తడికెల కొట్టు తీసుకోకండి, రోడ్డు మీది పక్కా గోడల కొట్టే తీసుకోండి.

గోకర్ణలో శివుడి దర్శనానికి వచ్చేవాళ్లు రుద్రాక్షలు, ఇత్తడి సామాను చూస్తారు. బెంగళూరు నుంచి శనాదివారాలు వచ్చే కుర్రకారు చిన్న ఉంగరాలు, బట్టసంచులు కొంటారు. ఖరీదైన పష్మీనా ఉన్ని శాలువాలకు ఇది చోటు కాదు.

వర్కల నార్త్ క్లిఫ్‌లో ఆయుర్వేద చికిత్సకు వచ్చి రెండు మూడు వారాలుండేవాళ్లు మంచి కొనుగోలుదారులు. అయితే ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు, నవంబరుల్లో అక్కడ వాన పడుతుంది, డిసెంబరు ముందు తెరిచి ఫలితం లేదు. కొండ అంచు లాటరైటు, విరిగిపడుతుంటుంది. అంచు వైపు వరసను వదిలేసి లోపలి వరస చూసుకోవాలి.

ఎక్కడైనా అడ్వాన్సు ఇచ్చేముందు కట్టడానికి అనుమతి ఉందో లేదో కాగితం చూడండి. హంపి ఎదుట తుంగభద్ర అవతల విరూపాపుర గడ్డిలో ఏళ్లుగా నడిచిన వసతి గృహాలను 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూల్చేశారు. గోవాలో పంచాయతీ లైసెన్సు ఎవరి పేర ఉందో, తీర ప్రాంత నిర్వహణ సంస్థ అనుమతి ఉందో అడగాలి. ఇసుక మీది షాక్‌ల (సీజనుకు వేసే తాత్కాలిక పాకల) కేటాయింపు స్థానికులకే. బయటివాళ్లు వాటిని తిరిగి అద్దెకు తీసుకుంటే మధ్యలో ఖాళీ చేయించే ప్రమాదం ఉంటుంది. సీజను అద్దె మొత్తం ముందే అడిగే యజమానులుంటారు. నవంబరు, జనవరి, మార్చి అని మూడు వాయిదాలకు ఒప్పించి రాయించుకోండి.

బస గది కొట్టుకు నడిచే దూరంలో, మొదటి అంతస్తులో ఉంటే మేలు, నేల గదిలో చెమ్మ ఎక్కువ. కరెంటు మీటరు విడిగా ఉందో, వేసవిలో బావి ఎండుతుందో పక్కింటివాళ్లను అడగండి. పోలీసు స్టేషనులో కిరాయిదారు వెరిఫికేషన్ ఫారం మొదటి వారంలోనే ఇచ్చి నకలు దాచుకోవాలి.

మిగిలిన ఉన్ని సరుకును తీరంలో వదిలిపోవద్దు. జూన్ మొదటి వారంలో గోవాకు వాన వస్తుంది, మూసిన గదిలో నాలుగు నెలల తేమకు ఉన్ని బూజు పడుతుంది, పురుగు పడుతుంది. ఏప్రిల్ నెలాఖరుకి ఎండబెట్టి, దులిపి, ఉత్తరాదికి పంపేయాలి. మే నాటికి మనాలీ దారి తెరుచుకుంటే మొదటి లారీల్లోనే లేహ్ ఎక్కించవచ్చు.