పదకొండేళ్లుగా ఒకే ఇనుప మూకుడులో బంగాళాదుంప వేపుడు

2014లో విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక ఇనుప సామాన్ల దుకాణంలో 650 రూపాయలకు కొన్న పోత ఇనుప మూకుడు ఇప్పటికీ మా పొయ్యి మీదే ఉంది. 11 అంగుళాల వెడల్పు, రెండు చెవులు, గుండ్రటి అడుగు, ఖాళీగా ఉన్నప్పుడే మూడు కిలోల పైచిలుకు బరువు. వారానికి కనీసం రెండుసార్లు అందులో బంగాళాదుంప వేపుడు చేస్తూ వచ్చాను కాబట్టి దాని మంచిచెడ్డలు చెప్పగలననే నమ్మకంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ముక్క పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండే వేపుడు కావాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాత్ర నాకు ఇంతవరకు దొరకలేదు. అయితే అది మొదటి రోజునే మన మాట వినే పాత్ర కాదు.

కొత్తలో దానికి ఇనుప వాసన, బూడిద రంగు మసి ఉండేవి. మూడు రోజులు బియ్యం కడిగిన నీళ్లు పోసి నానబెట్టి, కొబ్బరి పీచుతో తోమి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, వేరుశనగ నూనెను గుడ్డతో పలచగా పట్టించి పొగ వచ్చేవరకు కాల్చాను. ఇలా నాలుగుసార్లు చేశాక అడుగున నల్లటి నిగారింపు వచ్చింది. నూనె బాగా వేడెక్కి గట్టి పొరగా మారి ఇనుముకు అతుక్కోవడమే ఆ నలుపు. ఈ రోజుల్లో దీన్ని అందరూ సీజనింగ్ అంటున్నారు.

అయినా మొదటి వేపుడు సగం అడుగంటింది. నేను అట్లకాడతో గీకుతూ ఉంటే మా అత్తగారు చూసి, “అంత తొందరెందుకమ్మా, కాసేపు కదపకుండా వదిలెయ్యి, వేగాక అదే ఊడి వస్తుంది” అన్నారు. ఆవిడ చెప్పినట్టే సెగ కాస్త తగ్గించి నాలుగు నిమిషాలు ఊరుకున్నాను. తరువాత అట్లకాడ అంచు కింద పెట్టి లేపితే ఒక్కో ముక్కా బంగారు రంగు చెక్కుతో చక్కగా లేచింది. తడి ముక్కలోని పిండి వేడి ఇనుమును పట్టుకుంటుంది, ఆ తడి ఆవిరైపోయి చెక్కు కట్టాక పట్టు వదిలేస్తుంది. ఇది తెలియక గంటెతో అస్తమానం కలుపుతూ ఉండడమే మనలో చాలామంది వేపుడు ముద్దగా మారడానికి కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అంతకుముందు ఆరేళ్లు నాన్‌స్టిక్ పాత్రలో చేసేదాన్ని. అందులో నూనె తక్కువ పట్టేది, అంటుకునేది కాదు, కడగడం కూడా సులువే. కానీ బంగాళాదుంపలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే కనుక, పలచటి పాత్రలో అరకిలో ముక్కలు ఒక్కసారి పడగానే వేడి పడిపోయి, అవి వేగడానికి బదులు తమ ఆవిరిలో తామే ఉడికిపోయేవి. సెగ పెంచుదామంటే ఆ పూతను మరీ వేడి చేయకూడదని తయారీదారులే హెచ్చరిస్తారు. మూకుడు బరువే ఇక్కడ పనికొచ్చింది. అంత ఇనుములో దాగిన వేడి ముక్కలు పడినా ఒక్కసారిగా దిగిపోదు.

ఇన్నేళ్లలో నాకు కుదిరిన పద్ధతి ఇది. అరకిలో దుంపలను చెక్కు తీసి వేలి గోరంత ముక్కలుగా కోసి, పది నిమిషాలు నీళ్లలో వేసి, పైనున్న పిండి పోయేలా రెండుసార్లు కడుగుతాను. ఆ తరువాత పొడి గుడ్డ మీద పరచి, చేతికి తడి తగలకుండా ఉండేవరకు ఒత్తుతాను. ఈ ఒక్క పని మానేస్తే మిగతా శ్రమంతా వృథా. నీటి చుక్క వేస్తే మూకుడులో చుంయిమని ఎగిరే వేడి వచ్చాక నాలుగు పెద్ద చెంచాల నూనె పోసి, ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి, ఆ పోపును చిల్లుల గరిటెతో పళ్లెంలోకి తీసేస్తాను. పద్దెనిమిది, ఇరవై నిమిషాలు వేగే వేపుడులో పోపు ఉంచితే మినప్పప్పు మాడి చేదెక్కుతుంది. అదే నూనెలో చిటికెడు పసుపుతో ముక్కలు వేసి, ఒక పొరగా సర్ది, మధ్య సెగ మీద నాలుగేసి నిమిషాలకు ఒకసారి మాత్రమే తిప్పుతాను. మూత పెట్టను. ఉప్పు నీరు లాగుతుంది కనుక చెక్కు కట్టాకే వేస్తాను.

కారం విషయంలో ఇనుప మూకుడు ప్రత్యేక జాగ్రత్త కోరుతుంది. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అరచెంచా జీలకర్ర, ఒక పెద్ద చెంచా కారం, కొద్దిగా ఉప్పు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పొయ్యి కట్టేశాక, తీసి ఉంచిన పోపుతో కలిపి ముక్కల మీద చల్లుతాను. మంట ఆపిన తరువాత కూడా మూకుడు ఐదారు నిమిషాలు చిటపటలాడుతూనే ఉంటుంది. వెల్లుల్లి పచ్చి వాసన పోవడానికి ఆ వేడి చాలు. మంట మీద ఉండగానే కారం వేస్తే అర నిమిషంలో నల్లబడి ఘాటుకు గొంతు పట్టుకుంటుంది.

మూకుడు ఎంత మంచిదైనా దుంప సరైనది కాకపోతే వేపుడు కుదరదు. ఒక వేసవిలో వరుసగా మూడు రోజులు ముక్కలు పది నిమిషాలకే ముదురు గోధుమ రంగుకు తిరిగి, లోపల ఉడకకుండానే తియ్యగా తయారయ్యాయి. మూకుడు పాడైందేమోనని బెంగపడి, అవే దుంపలను పాత నాన్‌స్టిక్‌లో వేయించి చూస్తే అక్కడా అంతే. అవి శీతల గిడ్డంగి నుంచి వచ్చిన సరుకని కూరగాయల దుకాణంలో అడిగితే తెలిసింది. బంగాళాదుంపను 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర నూనెలో త్వరగా రంగు తిరుగుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో పెట్టినా జరిగేది ఇదే, కాబట్టి దుంపలను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. గోనె సంచిలో, గాలి తగిలే చీకటి మూలలో రెండు మూడు వారాలు ఉంచితే ఆ తీపి చాలావరకు తగ్గడం నేను గమనించాను.

రకాల సంగతికి వస్తే, సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1968లో విడుదల చేసిన కుఫ్రీ జ్యోతి కూరకు, వేపుడుకు రెండింటికీ పనికొస్తుంది. చిప్స్ కోసమే తయారుచేసిన కుఫ్రీ చిప్సోనా రకాల్లో చక్కెర తక్కువ, గట్టిదనం ఎక్కువ. దొరికిన రోజున రెండు కిలోలు ఎక్కువే తెచ్చుకుంటాను. హైదరాబాదుకు వచ్చాక ఆగ్రా సరుకుతో పాటు చలికాలం చివర జహీరాబాద్ ఆలుగడ్డ కూడా వాడాను. (ఇక్కడ ఆలుగడ్డ, మా కృష్ణా జిల్లాలో బంగాళాదుంప, రాయలసీమ బంధువుల ఇంట్లో ఉర్లగడ్డ, ఒకే దుంపను మూడు పేర్లతో పిలవడం నాకెంతో ఇష్టం.) పొలం నుంచి కొత్తగా వచ్చిన ఆ జహీరాబాద్ దుంపల చెక్కు బొటనవేలితో రుద్దితేనే ఊడిపోతుంది, వేపుడులో మట్టి వాసన తగిలీ తగలనట్టు ఉంటుంది.

ఇక లోపాలు. మోచేతి నొప్పులు, మణికట్టు బలహీనత ఉన్నవారు దీన్ని ఒంటి చేత్తో ఎత్తలేరు. వానాకాలంలో తడి ఉంచితే తెల్లారేసరికి తుప్పు పడుతుంది కనుక కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి నూనె రాయాలి. ఒకసారి ఇంట్లో ఎవరో తెలియక ఇందులో టమాటా, చింతపండు వేసి పులుసు కాచారు. నల్లగా మారిన ఆ పులుసులో ఇనుప రుచి దిగింది, అన్నేళ్ల పొర లేచిపోయింది, తిరిగి దారికి తేవడానికి వారం పట్టింది. వేపుడును కూడా రాత్రంతా ఇందులోనే వదిలేస్తే ముక్కలు బూడిద రంగుకు తిరుగుతాయి. దించగానే స్టీలు గిన్నెలోకి తీసేయాలి.

మా అమ్మాయి కోసం మూడేళ్ల కిందట ఆన్‌లైన్‌లో, ముందే సీజనింగ్ చేసి ఉందన్న మరో మూకుడు తెప్పించాను. నెల తిరగకుండానే పూత రేకులుగా లేచి వేపుడులో కలిసింది, అమ్మినవారు వెనక్కి తీసుకోలేదు. ఆ పూతనంతా గీకి, పాత పద్ధతిలోనే నూనె పట్టించి వాడుకలోకి తెచ్చాను. ఇప్పుడది అమ్మాయితో పాటు అమెరికాలో ఉంది. అక్కడి విద్యుత్ పొయ్యి మీద గుండ్రటి అడుగు నిలవక చివరికి చదును అడుగున్న ఇనుప పెనం కొనుక్కుంది. అక్కడ దొరికే రసెట్ దుంపలు తిప్పేటప్పుడు విరిగి పొడిపొడిగా అయిపోతున్నాయనీ, పసుపు గుజ్జున్న యూకాన్ గోల్డ్ అయితే మన వేపుడులా ముక్క నిలుస్తోందనీ నిన్ననే ఫోనులో చెప్పింది.