ఆకాశ గుమ్మడికాయ, ఓ దిక్కుమాలిన స్విచ్: నాలుగు వేసవుల తర్వాత నా 100-400 లెన్స్

దూరాన ఉన్నవాటిని 100 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా జూమ్ చేసి దగ్గరికి లాగే ఈ లెన్స్ బరువెంత, లోపల గాజు బిళ్ళలెన్ని అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్ళను. కంపెనీ పేరు కూడా చెప్పను. ఎందుకంటే నా పగ లెన్స్ మీద కాదు, దాని పక్కన ఉన్న ఓ చిన్న స్విచ్ మీద. అలాంటి స్విచ్ చాలా లెన్సులకు ఉంటుంది.

నేనుండేది జర్మనీలో, బోడెన్‌సీ సరస్సు ఒడ్డున ఉన్న ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో. 1900 జులైలో కౌంట్ జెప్పెలిన్ తన మొదటి ఎయిర్‌షిప్‌ను, అంటే గ్యాసు నింపిన గాలి ఓడను, ఎగరేసింది ఈ సరస్సు మీదే. 1937లో అమెరికాలో కాలిపోయిన హిండెన్‌బర్గ్‌ను కట్టిందీ ఈ ఊళ్ళోనే. ఇప్పుడు తిరిగేది జెప్పెలిన్ ఎన్‌టీ. 75 మీటర్ల పొడవు, లోపల హీలియం, కాబట్టి అంటుకునే భయం లేదు. మార్చిలో మొదలుపెట్టి నవంబరు దాకా, గాలీ వానా ఒప్పుకుంటే, టూరిస్టులను ఎక్కించుకుని రోజూ తిరుగుతూనే ఉంటుంది. మా బాల్కనీలోకి ముందు శబ్దం వస్తుంది, తుమ్మెద రొదలాగా. లెన్స్ తగిలించేంత టైమ్ ఇచ్చి తర్వాత అది వస్తుంది.

విమానాలు తీసినట్టు దీన్ని తీస్తే పప్పులో కాలేసినట్టే. జెట్ విమానానికి షట్టర్ స్పీడు ఎంత పెంచితే అంత మంచిది. దీనికి పెంచితే ప్రొపెల్లర్లు కదలకుండా నిలబడిపోతాయి. ఇంజన్ ఆగిపోయిన బొమ్మను ఎవరో దారంతో వేలాడదీసినట్టు ఉంటుంది ఫోటో. సెకనులో నూటో వంతుకు దించితేనే రెక్కలు తిరుగుతున్నట్టు పడతాయి. 400 దగ్గర అంత నెమ్మదిగా, చేత్తో పట్టుకుని తీయాలంటే స్టెబిలైజర్ గట్టిది కావాలి. ఇందులో గట్టిదే ఉంది. కొన్న కొత్తలో దాన్ని తెగ పొగిడి ఆఫీసులో ముగ్గురి చేత ఇదే లెన్స్ కొనిపించాను కూడా. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ కొంచెం సర్దుకోవాలి. స్టెబిలైజర్ ఆపేది నా చేతి వణుకునే, ఎండ సెగను కాదు. మధ్యాహ్నం ఊరి కప్పుల మీద గాలి కాగి అలలు అలలుగా లేస్తున్నప్పుడు తీస్తే జెప్పెలిన్ అంచు చేత్తో చింపిన కాగితంలా వస్తుంది. రెండో వేసవిలో అది లెన్స్ తప్పే అనుకుని ఓ రిపేరు షాపుకిచ్చాను. మూడు వారాలు ఉంచుకుని, ఏ లోపమూ లేదని రాసి, పరీక్షించినందుకు బిల్లేసి పంపారు. తర్వాత తెల్లవారు జామున తీసి చూస్తే గొండోలా (జనం కూర్చునే క్యాబిన్) కిటికీల్లో మనుషుల టోపీలు కూడా లెక్కపెట్టొచ్చు. తప్పు ఎండదే, డబ్బు నాదే.

ఇక స్విచ్ సంగతి.

ఇక్కడ ఫ్యోన్ అనే గాలి ఉంది, ఆల్ప్స్ మీంచి వెచ్చగా దిగుతుంది. అది వచ్చిన రోజు అద్దం తుడిచినట్టయి, సరస్సు అవతల స్విట్జర్లాండ్‌లోని సెంటిస్ శిఖరం అమాంతం దగ్గరికి వచ్చేస్తుంది. 2,502 మీటర్ల కొండ, మే నెలలోనూ నెత్తిన మంచు. కానీ గాలి బలంగా ఉంటే జెప్పెలిన్ హ్యాంగర్ దాటి రాదు. అంటే కొండ కనబడిన రోజున ఓడ ఉండదు, ఓడ తిరిగే రోజున కొండ మసకలో ఉంటుంది. రెండూ ఒకే ఫ్రేములో పడాలని నేను మూడు వేసవులు చూశాను.

మూడో ఏడు మే నెలలో అమ్మ వచ్చింది, రాజమండ్రి ఎండలకు తట్టుకోలేక. జెప్పెలిన్‌ను చూసిన మొదటి రోజే పేరు పెట్టేసింది: ఆకాశ గుమ్మడికాయ. "అచ్చం బూడిద గుమ్మడికాయేరా. ఊరికి దిష్టి తగలకుండా కట్టినట్టున్నారు" అంది. ఒక ఆదివారం పొద్దున ఆమెను రేవు దగ్గరికి తీసుకెళ్ళాను. ఫ్యోన్ పైనే ఉంది, నీళ్ళ మీదికి ఇంకా దిగలేదు. సెంటిస్ మీది మంచులో గీతలు కూడా కనబడుతున్నాయి. రోమన్స్‌హార్న్ నుంచి వస్తున్న ఫెర్రీని నాలుగు ఫోటోలు తీసి కెమెరా సంచిలో పెట్టాను.

అప్పుడు వినబడింది తుమ్మెద రొద.

సంచిలోంచి లాగాను. ఆ లాగడంలో సంచి అంచు తగిలి ఆటోఫోకస్ స్విచ్ కిందికి, మాన్యువల్‌లోకి జారింది. మీట వడ్లగింజంత, గోరు తగిలితే చాలు కదులుతుంది. ఆ సంగతి నాకు తెలియదు. ఫోకస్ ఫెర్రీ ఉన్న దూరంలో, ఓ 300 మీటర్ల దగ్గర ఆగిపోయింది. జెప్పెలిన్ ఉన్నది అంతకు మూడు నాలుగింతల దూరంలో. ఫోకస్ బాగా తప్పితే కంటికి తెలుస్తుంది. ఇది కొంచెమే తప్పింది. ఎండ, కళ్ళజోడు, గుండెదడ, వీటి మధ్య వ్యూఫైండర్‌లో అంతా బ్రహ్మాండంగా కనబడింది. ఫోకస్ కుదిరిందని చెప్పే ఆకుపచ్చ డబ్బా వెలగలేదన్నది నేను గమనించలేదు. తెల్లటి ఓడ నెమ్మదిగా వచ్చి సరిగ్గా మంచు కొండ ముందుకు చేరింది. నూట నలభై ఫోటోలు. అమ్మ పక్కన నిలబడి "చాల్లేరా, దానికి దిష్టి తగులుతుంది" అంటోంది.

ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే ప్రతి ఫోటోలోనూ అంచులు మెత్తగా, గుమ్మడికాయ మీద బూడిద రాలుతున్నట్టు. ముందు ఎండ సెగ అనుకున్నాను. ఓ మూల చిన్న తెరచాప పడవ ఉంది. దాని తాళ్ళు ఒక్కొక్కటీ సూదితో గీసినట్టున్నాయి. అప్పుడు స్విచ్ వైపు చూశాను.

ఆ రోజు అన్నం సయించలేదంటే నమ్మండి. అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు దూరే కంతను, కొంచెం చిన్నది చేసి తీసి ఉంటే తప్పు కొంతైనా దాక్కునేది, అది నా అశ్రద్ధే. కానీ ఇంత ఖరీదు పెట్టించుకున్న వాళ్ళు ఆ మీటకు ఓ తాళమో, కనీసం కాస్త బిగువో పెట్టలేరా? జూమ్‌కు మాత్రం తాళం పెట్టారు. ఈ నాలుగేళ్ళలో అది నాకు ఒక్కసారీ అవసరం పడలేదు.

మర్నాడు అమ్మ ఉల్లికాడల కట్టకున్న వెడల్పాటి రబ్బర్ బ్యాండ్ తీసి లెన్స్‌కు తొడిగింది, సరిగ్గా స్విచ్ మీదుగా. ఆ వేసవంతా అదే కాపాడింది. చలికాలంలో ఎండి తెగిపోయింది. ఇప్పుడు నల్ల టేపు వేశాను. చూడ్డానికి బాగోదు, కానీ ఈ ఏడు ఒక్క ఫోటో కూడా అలా పోలేదు.

కొనాలా అని అడిగితే, ఈ ఊళ్ళోనో చుట్టుపక్కలో ఉంటే కొనండి, టేపుతో సహా. ఒక్క రోజు చూడ్డానికి వచ్చేవాళ్ళయితే ఆ డబ్బు జెప్పెలిన్ ఎక్కే టికెట్‌కు పెట్టుకోవడం నయమని నాకనిపిస్తుంది. హ్యాంగర్ దగ్గరికి వెళ్తే 100 కూడా ఎక్కువే, ఓడ ఫ్రేములో పట్టదు. అక్కడ చూడాల్సింది వేరే ఉంది: ఇంజన్లు తిరుగుతుండగానే ఇద్దరు దిగుతారు, ఇద్దరు ఎక్కుతారు, మళ్ళీ ఇద్దరు దిగుతారు. అందరూ ఒక్కసారి దిగితే తేలికై పైకి లేస్తుందని ఆ జాగ్రత్త. దాన్ని ఫోన్‌తో వీడియో తీసుకుంటే చాలు. అమెరికాలో సన్నీవేల్‌లో ఉండే మా బావమరిది పక్కనే ఉన్న మోఫెట్ ఫీల్డ్ విమానాశ్రయంలో పాత్‌ఫైండర్ 1 అనే ఎయిర్‌షిప్‌ను ఫోన్‌తోనే తీసి పంపిస్తుంటాడు. అది 124 మీటర్లు, అతనికి ఫోన్ సరిపోతుంది. పైగా అతనికి నాలా పిచ్చి లేదు.

ఓడా కొండా మళ్ళీ కలిసి పడలేదు. ఆ మసక ఫోటోనే అమ్మ రాజమండ్రిలో ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుంది. కళ్ళజోడు తీసేసి చూస్తే చక్కగా ఉందట.