గ్రాండ్ కెనాలా? షానన్–ఎర్నా?

ఐర్లండ్‌లో ఆలుమగలిద్దరే నారోబోట్ (కాలువల కోసం కట్టిన సన్నటి, పొడవాటి పడవ) అద్దెకు తీసుకుని తీరుబడిగా తిరగాలంటే, ఈ రెండు జలమార్గాల మధ్య అసలు తేడా లాకుల దగ్గరే తెలుస్తుంది. (లాకులంటే కాలువలో నీటిమట్టం మారేచోట పడవను ఎత్తడానికో దించడానికో కట్టిన తలుపుల గదులు. గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు.)

డబ్లిన్ నుంచి షానన్ హార్బర్ దాకా సాగే గ్రాండ్ కెనాల్ 131 కిలోమీటర్లు, 43 లాకులు. అన్నిటికీ చేతిపనే. ఒకరు చుక్కాని పట్టుకుంటే ఇంకొకరు గట్టెక్కి, ఇనప హ్యాండిల్ తిప్పి తూములు ఎత్తాలి. లోపలా బయటా నీళ్లు సమమయ్యాక, బరువైన దూలానికి వీపు ఆనించి తలుపు నెట్టాలి. వాన పడుతుంటే ఎవరు దిగాలన్నదే గొడవ!

షానన్–ఎర్న్ జలమార్గం సుమారు 63 కిలోమీటర్లు, 16 లాకులు. 1860లో తెరిచి, పదేళ్లు తిరక్కుండానే మూతపడ్డ కాలువ ఇది. 1994లో మళ్లీ తెరిచారు. స్మార్ట్ కార్డు పెట్టి బటన్ నొక్కితే చాలు, తలుపులు వాటంతటవే కదులుతాయి. దారిలో చిన్న సరస్సులు, బాలినమోర్ లాంటి ఊళ్లు.

కొత్తవాళ్లకు, నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఇదే నయం. నా ఓటు మాత్రం గ్రాండ్ కెనాల్‌కే. ఇద్దరూ కలిసి చేసే పని ఉంటేనే కబుర్లూ సాగుతాయి. కాకపోతే చివర్లో షానన్ నదిలోకి దిగి లాఫ్ డెర్గ్ అనే పెద్ద సరస్సు వైపు తిరిగేముందు గాలి ఎలా ఉందో చూసుకోవాలి. చదును అడుగున్న నారోబోట్‌కు పెద్ద సరస్సు అలలు సరిపడవు.