జీపవర్ వాడి చూశా, రేడియాలజీ థీసిస్‌కి మాత్రం సగమే పనికొచ్చింది

శాంపుల్ సైజ్ లెక్కకి (స్టడీకి ఎంతమంది పేషెంట్లు కావాలో తేల్చే లెక్క) ఏ సాఫ్ట్‌వేర్ వాడావ్ అని జూనియర్లు రోజుకొకళ్లు అడుగుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. నేను రేడియోడయాగ్నసిస్ పీజీని, రొమ్ములో గడ్డలకి షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీ (గడ్డ ఎంత గట్టిగా ఉందో కొలిచే అల్ట్రాసౌండ్) చేసి బయాప్సీ రిపోర్టుతో పోల్చడం నా థీసిస్. సినాప్సిస్ (థీసిస్ ప్లాన్) టైమ్‌లో వాడింది జీపవర్. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ యూనివర్సిటీ వాళ్లది, పూర్తిగా ఫ్రీ, విండోస్‌కీ మ్యాక్‌కీ ఉంది, క్రాక్ వెర్షన్ కోసం వెతుక్కునే కర్మ లేదు.

దీని దాకా రాకముందు అందరిలాగే నేనూ డబ్బులు తగలేశా. థీసిస్‌కి స్టాటిస్టిక్స్ చేసిపెడతాం అనే ఒకతనికి 3 వేలు ఇస్తే మర్నాడు ఒక పేజీ పంపాడు, అందులో మన ఎస్‌పీఎంలో (కమ్యూనిటీ మెడిసిన్) చదువుకున్న 4పీక్యూ బై ఎల్ స్క్వేర్ ఫార్ములా (పీ అంటే శాతం, క్యూ అంటే 100 మైనస్ పీ, ఎల్ అంటే ఒప్పుకునే ఎర్రర్), కింద n = 100, అంతే. పట్టుకెళ్లి ఎస్‌పీఎం మేడమ్‌కి చూపిస్తే "ఈ పీ ఏంటమ్మా, నీ టెస్టు సెన్సిటివిటీనా, జనంలో జబ్బు ఎంతమందికి ఉందనా?" అని ఒక్క ప్రశ్న వేశారు. నోరు పెగల్లేదు. (సెన్సిటివిటీ అంటే జబ్బు ఉన్నవాళ్లలో టెస్టు ఎంతమందిని పట్టుకుంటుందో ఆ శాతం.) నా టెస్టుతో సంబంధమే లేని ప్రివలెన్స్ (జనంలో జబ్బు శాతం) ఏదో తెచ్చి అందులో పెట్టి, 100 వచ్చేలా ఎల్‌ని సర్దాడు మహానుభావుడు.

సరే ఆ రాత్రి సీటీ డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడు జీపవర్ ఇన్‌స్టాల్ చేశా. చూడ్డానికి మన చిన్నప్పటి కంప్యూటర్ ల్యాబ్‌లో ఉండే ప్రోగ్రామ్‌లా ఉంటుంది, కానీ బరువు లేదు, పాత ల్యాప్‌టాప్‌లో కూడా టక్కున తెరుచుకుంటుంది. టెస్టు ఎంచుకో, నంబర్లు వెయ్యి, కాలిక్యులేట్ నొక్కు. ఇక్కడే మొదటి గుంట, టీ టెస్టు (రెండు సగటులు పోల్చేది) తెరవగానే వన్ టెయిల్ (తేడా ఒక్క వైపే చూడటం), పవర్ (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం) 0.95 అని ముందే పెట్టి ఉంటాయి, చూసుకోకుండా నొక్కితే మీ సినాప్సిస్‌లో రాసిన టూ టెయిల్, 80 శాతం పవర్‌కీ దీనికీ పొంతనే ఉండదు. ఎఫెక్ట్ సైజ్ (సగటుల తేడా, విలువల చెదురుకి ఎన్నింతలు అన్నది) 0.5 అలాగే ఉంచి చూడండి, డిఫాల్ట్‌లో మొత్తం 176 వస్తుంది, టూ టెయిల్ 0.80 చేస్తే 128. అదే 0.2 పెడితే 788కి ఎగబాకుతుంది. అంటే లెక్కంతా ఆ ఒక్క ఎఫెక్ట్ సైజ్ గడిలోనే ఉంది, అది మనమే తెచ్చుకోవాలి, పాత పేపర్లలో మీన్ (సగటు), విలువల చెదురు చెప్పే ఎస్‌డీ ఉంటే డిటర్మిన్ బటన్ నొక్కి వేసుకోవచ్చు, లేకపోతే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది పాపం.

నేనేం చేశానంటే, బినైన్ (క్యాన్సర్ కాని) గడ్డల గట్టితనం ఎంత, క్యాన్సర్ అయిన మాలిగ్నెంట్‌ది ఎంత అని కిలోపాస్కల్స్ పోల్చుకుని, తేడా పెద్దదేలే అని 0.8 పెట్టా. గ్రూపుకి 26, మొత్తం 52. మా గైడ్ సర్ అయితే "ఇంత తక్కువా, కానిచ్చెయ్" అని సంబరపడ్డారు. మళ్లీ మేడమే అడ్డం పడ్డారు. థీసిస్ పేరులో ఉన్నది డయాగ్నొస్టిక్ యాక్యురసీ, నువ్వు లెక్కేసింది రెండు సగటుల తేడాకి, పైగా నీకొచ్చే 52 మందిలో మాలిగ్నెంట్ ఎంతమంది ఉంటారు అన్నారు. మా రిజిస్టర్ తిరగేస్తే బయాప్సీకి వెళ్లిన పది గడ్డల్లో మూడు మాలిగ్నెంట్, అంటే 52లో ఓ 16 మంది. ఆ 16లో మన టెస్టు 14 పట్టుకుంటే సెన్సిటివిటీ 87.5 శాతం అని గొప్పగా రాసుకోవచ్చు గానీ కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల పరిధి) 62 నుంచి 98 దాకా పోతుంది, అలాంటి టెస్టుని నమ్మి ఎవరైనా బయాప్సీ మానేస్తారా? (గ్రూపులు సమానంగా ఉండవు అని చెప్పడానికి అలొకేషన్ రేషియో గడి ఉంది, నేను 1 అలాగే వదిలేశా, అది నా తప్పే, సాఫ్ట్‌వేర్‌ది కాదు.)

సెన్సిటివిటీ ఇంత, ప్లస్ ఆర్ మైనస్ ఇంతలో కావాలి, ఎంతమంది కావాలి అని నేరుగా అడిగే చోటు జీపవర్‌లో లేదు. మన రేడియాలజీ వాళ్ల థీసిస్‌లు సగం ఇవే కదా. చివరికి మేడమ్ చెప్పిన బ్యూడరర్ ఫార్ములాతో కాగితం మీదే చేశా, 1996 నాటిది, 1.96 స్క్వేర్ ఇంటూ సెన్సిటివిటీ ఇంటూ (1 మైనస్ సెన్సిటివిటీ), కింద ఎర్రర్ స్క్వేర్ ఇంటూ ప్రివలెన్స్. ఇక్కడ ప్రివలెన్స్ అంటే ఊళ్లోది కాదు, మన దగ్గరికి స్కాన్‌కి వచ్చే వాళ్లలోది. 90 శాతం సెన్సిటివిటీ, 5 శాతం ఎర్రర్ అంటే జబ్బు ఉన్నవాళ్లే 139 మంది, 30 శాతం ప్రివలెన్స్‌తో మొత్తం 461. కేసులు పట్టడానికి నాకున్నది 18 నెలలు, ఎక్కడ అవుతుంది. ఎర్రర్ 10 శాతానికి ఒప్పుకుంటే 35 మంది మాలిగ్నెంట్, మొత్తం 116, దాంతో ఎథిక్స్ కమిటీకి వెళ్లా, ఎందుకు 10 అని అడిగితే కేసులు అన్నే వస్తాయి అని నిజమే చెప్పా, వాళ్లు ఒప్పుకున్నారు. స్పెసిఫిసిటీకి (జబ్బు లేనివాళ్లని లేదని సరిగ్గా చెప్పే శాతం) కూడా విడిగా వేసి రెండిట్లో పెద్దది తీసుకోవాలి, మర్చిపోవద్దు.

లేనివి ఇంకా ఉన్నాయి. ఆర్‌ఓసీ కర్వ్ ఏయూసీకి (టెస్టు జబ్బు ఉన్నవాళ్లని లేనివాళ్ల నుంచి మొత్తం మీద ఎంత బాగా వేరు చేస్తుందో చెప్పే నంబర్) లేదు, ఇద్దరు రేడియాలజిస్టుల మధ్య కప్పాకి (ఇద్దరి రిపోర్టులు ఎంతవరకు కలుస్తాయో చెప్పే నంబర్) లేదు. ఒకే పేషెంట్‌కి రెండు గడ్డలుంటే అవి రెండు వేరువేరు కేసులు కావు అన్న సంగతి దానికి తెలియదు, అడగదు. బాగున్నది ఏంటంటే ఒకే పేషెంట్‌కి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ చేసి పోల్చేవాళ్లకి మెక్‌నెమార్ ఉంది, కానీ రెండు టెస్టులూ ఎంతమందిలో విభేదిస్తాయో మీరు చెప్పాలి, దానికి చిన్న పైలట్ తప్పదు. ప్రోటోకాల్ ట్యాబ్ నాకు బాగా నచ్చింది, ఏ నంబర్ వేశామో ఏం వచ్చిందో మొత్తం అక్షరాల్లో ఉంటుంది, కాపీ చేసి సినాప్సిస్‌లో పెట్టుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. పోస్ట్ హాక్ పవర్ ఆప్షన్ కూడా ఉంది, స్టడీ అయిపోయాక వచ్చిన ఎఫెక్ట్ సైజే మళ్లీ వేసి పవర్ చూపించమంటారు కొందరు, దయచేసి చేయకండి, పీ వాల్యూ చెప్పిందే ఇంకో రూపంలో చెప్తుంది అంతే.

ఏయూసీ కావాల్సిన వాళ్లు ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పీఆర్‌ఓసీ ప్యాకేజీ చూడండి, ఫ్రీనే, కోడ్ రెండు లైన్లు. మెడ్‌కాల్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఓసీ, బ్లాండ్ ఆల్ట్‌మన్ (రెండు కొలతలు ఎంత కలుస్తాయో చూసేది) రెండూ బటన్లతోనే అయిపోతాయి గానీ డబ్బు కట్టాలి, పాస్ అనే సాఫ్ట్‌వేర్ ఇంకా ఖరీదు, పీజీ స్టైపెండ్‌తో దాని జోలికి పోలేం.

మొత్తానికి సగటులు పోల్చే స్టడీకి 5కి 4.5 ఇస్తా, మన డయాగ్నొస్టిక్ స్టడీలకి 2. ఆ 3 వేలు తీసుకున్నతనికి సున్నా. ప్రస్తుతం 71 కేసులయ్యాయి, అందులో 24 మాలిగ్నెంట్, 35 కావాలంటే ఇంకో 11 రావాలి. నిన్న ప్రోబ్ పెట్టగానే స్క్రీన్ మీద ఎర్రగా గట్టిగా కనిపించింది, లోపల ఎక్కడో 25 అని లెక్కేసుకున్నా, ఆవిడ "ఏమైనా ఉందా అమ్మా" అని అడిగింది, నేను ఇంకా ఆ 25 దగ్గరే ఉన్నా.