ప్లై మీద అక్రిలిక్ షీట్ అతికించడానికి ఏ గమ్ కొనాలి: మా కౌంటర్ మీద వాడి చూశాక

హన్మకొండలో ఏ హార్డ్‌వేర్ షాపుకి పోయి "అన్నా, ప్లై మీద ప్లాస్టిక్ షీట్ అంటించాలి, ఏం గమ్ ఇస్తావు" అని అడిగినా కౌంటర్ మీదికి వచ్చేది ఒకటే, రబ్బర్ గమ్ డబ్బా. అది ఏ ప్లాస్టిక్ అని అడగరు, ఎంత పొడవు అని అడగరు, ఎండ తగిలే చోటా కాదా అని అసలే అడగరు. నన్నడిగితే ఈ మూడూ తెలియకుండా గమ్ కొనడమే దండగ. చెక్క సంగతి పెద్దగా ఆలోచించక్కర్లేదు, ప్లై అయినా, చెక్క పీచు నొక్కి చేసే ఎండీఎఫ్ అయినా దాదాపు ఏ గమ్ అయినా పట్టుకుంటుంది. పేచీ అంతా ప్లాస్టిక్ వైపే.

నయీంనగర్‌లో మాది జిరాక్స్, స్టేషనరీ షాపు. పడమర ముఖం, మధ్యాహ్నం దాటితే సాయంత్రం దాకా ఎండ నేరుగా కౌంటర్ మీదే. పాత ప్లై కౌంటర్ ముందు భాగానికి 3 మిల్లీమీటర్ల తెల్ల అక్రిలిక్, లోపల అరలకు పీవీసీ లామినేట్ వేయించాం. పని రెండు రకాలు కాబట్టి గమ్ కూడా రెండు రకాలు పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు రబ్బర్ గమ్ గురించి. ఫెవికాల్ ఎస్ఆర్ 998, హీటెక్స్ లాంటివన్నీ ఈ కుటుంబమే. సన్‌మైకాకి, పీవీసీ లామినేట్‌కి, ఇప్పటికే నిలబెట్టేసిన కౌంటర్ మీద బరువు పెట్టి నొక్కే వీలు లేని పనికి ఇది బంగారం లాంటిది, అందులో అనుమానం లేదు. రెండు వైపులా పల్చగా పట్టీతో లాగి, పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. వేలి వెనక భాగంతో తాకితే చేతికి అంటుకోకూడదు, అప్పుడే జోడించాలి. చాలామంది తడి మీదే జోడించేసి తర్వాత గమ్‌ని తిడతారు. ఇంకో సంగతి, ఒకసారి తాకిందంటే మళ్లీ జరపడం ఉండదు. మా వడ్రంగి చారి గారు అరల దగ్గర చేసిన పని చూడముచ్చటగా ఉంది: గమ్ ఆరిన ప్లై మీద సన్న బీడింగ్ ముక్కలు అడ్డంగా పేర్చి, వాటి మీద షీట్ పరిచి, మూలలు సరిచూసుకుని, మధ్యలో ముక్క తీసి అరచేత్తో ఒత్తుతూ అటూ ఇటూ ఒక్కొక్కటే లాగేశారు. గాలి బుడగ ఒక్కటి లేదు. ఆ వాసన మాత్రం తల తిరిగేలా ఉంటుంది, పైగా మంటకు ఇట్టే అంటుకుంటుంది. షట్టర్ పూర్తిగా ఎత్తి, దేవుడి పటం ముందు అగరుబత్తి కూడా ఆర్పించాకే ఆయన డబ్బా మూత తీశారు.

అదే గమ్ అక్రిలిక్‌కి వద్దంటాను. "అంతా దీంతోనే అంటిస్తరు సార్" అని షాపులో ఎంత చెప్పినా సరే. అక్రిలిక్ వేడికి బాగా సాగుతుంది, చెక్క అంతగా సాగదు. లెక్క వేస్తే ఎనిమిది అడుగుల షీట్ జనవరి తెల్లవారుజాము చలికీ మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీలకీ మధ్య నాలుగు మిల్లీమీటర్లకు పైనే పెరుగుతుంది, తిన్నగా ఎండ పడితే ఇంకా ఎక్కువ. రబ్బర్ గమ్ పొర కాగితమంత పల్చన, ఆ కదలికను తట్టుకునే మందం దానికెక్కడిది? పక్క షాపు వాళ్ల కౌంటర్‌కి ఏదో రబ్బర్ గమ్‌తోనే అక్రిలిక్ వేశారు, ఎండాకాలం రాగానే నడుమ పొట్ట ఉబ్బి, తడితే డబడబమని చప్పుడు. దానికి తోడు గమ్‌లో ఉండే ద్రావకం సరిగ్గా ఆరకపోతే బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోతుంది, దాంతో అక్రిలిక్‌లో వెంట్రుకల్లాంటి సన్న పగుళ్లు రావచ్చు. మిర్రర్ అక్రిలిక్ అయితే మరీ జాగ్రత్త, వెనక ఉన్న పూతనే తినేస్తుంది.

తెల్ల ఫెవికాల్ సంగతి చాలా తేలిక, అక్రిలిక్‌కి పనికిరాదు. అది నీళ్లతో చేసిన గమ్, నీరు పీల్చుకునే ముఖం ఉంటేనే గట్టిపడి పట్టుకుంటుంది. సన్‌మైకాకి పడుతుంది కదా అంటారు, సన్‌మైకా వెనక భాగం గరుకుగా అరగదీసి ఉంటుంది కాబట్టి పడుతుంది. నున్నటి అక్రిలిక్ మీద ఆరిపోయి పొరలా ఊడి వస్తుంది.

అరాల్డైట్ గట్టిదే, ఎవరూ కాదనరు. రెండు ట్యూబులు సమానంగా కలిపి పేరు అక్షరాలు, చిన్న బ్రాకెట్లు అంటించడానికి భేషుగ్గా ఉంటుంది. పెద్ద షీట్‌కి మాత్రం ఆ గట్టితనమే శత్రువు, షీట్ సాగుతానంటుంది, అది కదలనివ్వదు, చివరికి ఏదో ఒకటి విరగాలి. ఫెవిక్విక్ గురించి ఎక్కువ రాయను, అంచుల వెంబడి తెల్లటి పొగలాంటి మచ్చ పడుతుంది, తెల్ల షీట్ మీద కనపడకపోయినా నల్లది అయితే ముఖం అంతా పాడు. క్లోరోఫామ్ అక్రిలిక్‌కి అక్రిలిక్ అతికించడానికే, చెక్కతో దానికి పని లేదు.

మరి మేం కౌంటర్ ముందు భాగానికి వాడింది ఎంఎస్ పాలిమర్ ట్యూబు. సిలికాన్ గన్‌లో పెట్టి నొక్కేదే. కొన్ని షాపుల్లో నెయిల్ ఫ్రీ అంటే గానీ అర్థం కాదు, అయితే ఆ పేరుతో వేరే రకాలు కూడా అమ్ముతారు, ట్యూబు వెనక చదివి తీసుకోండి. ధర మామూలు సిలికాన్ ట్యూబుకి దాదాపు రెట్టింపు పడింది. ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది, వాసన లేదు, చెక్కను గట్టిగా పట్టుకుంటుంది. బడ్జెట్ సరిపోకపోతే న్యూట్రల్ సిలికాన్, అంటే వెనిగర్ వాసన రాని రకం, రెండో ఎంపిక, కాస్త బలం తక్కువ. పులిసిన వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికాన్ మాత్రం పాలీకార్బొనేట్‌కి, మిర్రర్ షీట్‌కి వద్దు.

దీన్ని పూసే పద్ధతి వేరు. షీట్ అంతా పులమకూడదు. పై నుంచి కిందికి నిలువు గీతలుగా, జానెడు దూరంలో ఒకటి. చుట్టూ పెట్టె కట్టినట్టు గీయకూడదు, ఎందుకంటే ఇది గాలిలోని తేమతో ఆరుతుంది, దారి మూసేస్తే నడుమ పచ్చిగానే ఉండిపోతుంది. గీతల మధ్య 2 మిల్లీమీటర్ల మందం ఫోమ్ డబుల్ సైడ్ టేపు ముక్కలు పెడితే రెండు లాభాలు: గమ్ ఆరేదాకా షీట్ జారదు, గమ్ పూర్తిగా అణిగిపోకుండా ఆ మందం మిగులుతుంది. షీట్ సాగడానికే ఆ మందం. అంచుల్లో రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదిలి పైన బీడింగ్ వేస్తే ఆ ఖాళీ కనపడదు. అంటించే ముఖాన్ని కాస్త సాండ్‌పేపర్‌తో గీకి, సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెడితే చాలు. థిన్నర్ గుడ్డ అక్రిలిక్ దగ్గరికి రానివ్వకండి. పాత ప్లై మీద వార్నిష్ ఉంటే అది గీకాల్సిందే, లేకపోతే గమ్ పట్టుకునేది వార్నిష్‌ని, చెక్కను కాదు. షీట్ స్పష్టంగా లోపలిది కనపడేదైతే గమ్ గీతలన్నీ కనపడతాయి, అప్పుడు గమ్ ఆలోచన మానేసి రంధ్రాలు స్క్రూ కన్నా కొంచెం పెద్దవి వేసి వాషర్లతో బిగించడమే మేలు.

అసలు మీ దగ్గరున్నది ఏ షీటో తెలియకపోతే చిన్న ముక్క గ్లాసు నీళ్లలో వేసి చూడండి. తేలితే పాలిథీన్ జాతి లేదా పాలీప్రొపిలీన్, అంటే బ్యానర్ల వెనక వాడే సన్‌ప్యాక్ షీట్ లాంటిది. దానిమీద మామూలు గమ్ ఏదైనా తామరాకు మీద నీటిబొట్టే, ట్యూబు మీద ఏం రాసున్నా నమ్మొద్దు, ప్రత్యేకమైన ప్రైమర్ లేకుండా పట్టదు, పిన్నులో స్క్రూలో కొట్టుకోవాలి. మునిగితే అక్రిలిక్, పాలీకార్బొనేట్, పీవీసీ, వీటితో పని నడుస్తుంది. నురగలాంటి సన్‌బోర్డు మాత్రం పీవీసీయే అయినా తేలుతుంది, కోసిన అంచు చూస్తే రంధ్రాలు కనపడతాయి.

వానాకాలంలో రబ్బర్ గమ్ పని పెట్టుకోవద్దని చారి గారు అన్నారు, నిజమే, ముసురు పట్టిన రోజు గమ్ ఆరేటప్పుడు పైన తేమ చేరి తెల్లబారుతుంది, పట్టు పోతుంది. ఎంఎస్ పాలిమర్ దీనికి తలకిందులు, తేమ ఉంటే తొందరగా ఆరుతుంది, మే నెల వడగాలికి ఆలస్యం చేస్తుంది. రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల లోతు ఆరుతుందని లెక్క వేసుకుని, పూర్తిగా ఆరేదాకా కౌంటర్‌కి ఆనుకుని నిలబడే పిల్లలను కాస్త ఆపుకోవాలి. కాలేజీలు వదిలే టైంలో మా దగ్గర అది కుదిరే పని కాదు, అందుకే శనివారం రాత్రి పెట్టి ఆదివారం షట్టర్ దించేశాం.

రేటింగ్ అడిగితే, అక్రిలిక్‌కి ఎంఎస్ పాలిమర్ ఐదుకి నాలుగున్నర, ఆ అర మార్కు ధర వల్ల పోయింది. రబ్బర్ గమ్ లామినేట్‌కి ఐదు, అక్రిలిక్‌కి ఒకటి. మిగిలిన ట్యూబు నాజిల్‌లో పొడవాటి మేకు దూర్చి టేపు చుట్టి పెట్టండి, మళ్లీ వాడేటప్పుడు గట్టిపడిన ముక్క మేకుతో పాటే బయటికొస్తుంది. కొనేటప్పుడు తయారీ తేదీ కూడా చూసుకోండి, మన దగ్గర ఈ ట్యూబులు తొందరగా అమ్ముడుపోవు, పాతవి ర్యాక్‌లోనే గట్టిపడి ఉంటాయి.